మోకాలు నొప్పన్నా ముందు తుంటి చూడండి: కీళ్లు, కండరాల పరీక్ష

పేషెంటు "మోకాలు" అనగానే మన చెయ్యి నేరుగా మోకాలి మీదికి పోతుంది. ఆ చేతిని కాసేపు ఆపడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది హిందూపురం. ఫిజియోథెరపీ బెంగళూరులో చదివి, 18 ఏళ్లుగా ఇక్కడే పనిచేస్తున్నాను. ఇప్పుడు కె.ఆర్.పురం దగ్గర చిన్న క్లినిక్ ఉంది. వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. కదిరి, మడకశిర వైపు నుంచి బిల్డింగ్ పనులకు వచ్చినవాళ్లు, వైట్‌ఫీల్డ్ కంపెనీల్లో పనిచేసే పిల్లలు, మనవణ్ణి చూసుకోవడానికి నెల్లూరు నుంచో గుంటూరు నుంచో వచ్చి ఎనిమిదో అంతస్తులో ఉండిపోయిన అమ్మమ్మలు. ఇంటర్న్‌షిప్‌కు వచ్చే పిల్లల్లోనూ ప్రతి ఏడూ ఒకరిద్దరు మనవాళ్లుంటారు. పరీక్షల పేర్లన్నీ వాళ్లకు నోటికి వచ్చు. మనిషి ఎదురుగా కూర్చోగానే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడతారు. నేనూ అలాగే పడ్డాను, దానివల్ల ఒక పిల్లాడికి నష్టం జరిగేది.

నేను ఇంటర్న్‌గా ఉన్న రోజులవి. పన్నెండేళ్ల అబ్బాయి, కాస్త బొద్దుగా ఉన్నాడు. మోకాలు నొప్పని వాళ్లమ్మ తీసుకొచ్చింది. మోకాలు చూశాను. వాపు లేదు, వేడి లేదు, పూర్తిగా వంగుతోంది. ఆటల్లో దెబ్బ తగిలి ఉంటుందనుకుని తొడ కండరానికి నాలుగు వ్యాయామాలు నేర్పించి పంపేశాను. పది రోజులకు ఇంకా ఎక్కువ కుంటుతూ వచ్చాడు. ఆ రోజు మా సీనియర్ మేడమ్ వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలిని ముట్టుకోకుండా తుంటి దగ్గర కాలు పైకి వంచారు. వంచుతున్న కొద్దీ కాలు దానంతటదే బయటికి తిరిగిపోయింది. లోపలికి తిప్పబోతే వాడు అరిచాడు. వెంటనే వాణ్ణి నడవనివ్వకుండా వీల్‌చెయిర్‌లో ఎక్స్‌రేకి పంపారు. తొడ ఎముక తల, ఎదిగే చోట జారిపోయి ఉంది. ఆపరేషన్ చేసి స్క్రూ వేశారు. తుంటికీ మోకాలికీ వెళ్లే నరాలు కొన్ని ఒకటే కాబట్టి తుంటిలో జబ్బు మోకాల్లో పలుకుతుంది. చదువుకున్న సంగతే. పరీక్షలో అడిగితే రాసేదాన్ని కూడా. కానీ ఆ రోజు నా చెయ్యి మోకాలి దగ్గరే ఆగిపోయింది.

అప్పటినుంచి నొప్పున్న కీలుకు పైనున్న కీలు, కిందున్న కీలు చూడకుండా ఎవరినీ పంపలేదు. మోకాలైతే తుంటి, చీలమండ. భుజమైతే మెడ, మోచెయ్యి. నడుమైతే తుంటి తప్పనిసరి.

గుమ్మం దగ్గరే మొదలవుతుంది

మా క్లినిక్ ముందు రెండు మెట్లున్నాయి, పక్కన ర్యాంప్ కూడా ఉంది. నా బల్ల దగ్గర కూర్చుంటే ఆ రెండూ కనబడతాయి. పేషెంటు దేని మీదుగా వచ్చారు, ఏ కాలు ముందు వేశారు, గోడ పట్టుకున్నారా, చేతికర్ర ఏ చేతిలో ఉందో చూస్తాను. పరీక్ష చేస్తున్నారని తెలియనప్పుడు మనిషి నడిచే నడకే అసలు నడక. "కొంచెం నడిచి చూపించండమ్మా" అంటే నిటారుగా, జాగ్రత్తగా నడుస్తారు.

నొప్పి ఉన్న కాలి మీద మనిషి ఎక్కువసేపు నిలబడడు, గబుక్కున రెండో కాలి మీదికి మారిపోతాడు. తుంటి పక్కనున్న కండరం బలహీనపడితే ప్రతి అడుగుకూ ఒళ్లు ఆ వైపుకు ఒరుగుతుంది. పాదం పైకి లేవనివాళ్లు మోకాలిని ఎత్తెత్తి వేస్తారు, చెప్పు నేలకు టప్పుమని కొట్టుకుంటుంది. చెప్పుల గురించి తప్పకుండా అడగండి. "నడుస్తుంటే చెప్పు జారిపోతోందా? జారినప్పుడు తెలుస్తోందా, ఎవరైనా చెబితే తెలుస్తోందా?" జారుతున్న సంగతి తెలిసీ ఆపలేకపోతే కండరం బలం తగ్గింది. జారిన సంగతే తెలియకపోతే స్పర్శ తగ్గింది. మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోతున్న మనిషిని ఈ ఒక్క ప్రశ్నే పట్టిస్తుంది. మన దేశంలో హవాయి చెప్పులు వేసుకునేవాళ్లే ఎక్కువ కాబట్టి మనకు బాగా పనికొచ్చే ప్రశ్న ఇది.

కుర్చీలోంచి లేచేటప్పుడు చేతులతో తోసుకుంటున్నారేమో చూడండి. చిన్న మగపిల్లాడు నేల మీద నుంచి లేస్తూ చేతులతో తన కాళ్లనే పాకుతున్నట్టు పట్టుకుని లేస్తే, అక్కడితో మీ పరీక్ష ఆపి పిల్లల నరాల డాక్టరు దగ్గరికి పంపండి. కండరాలు క్షీణించే జబ్బు అలాగే బయటపడుతుంది.

నొప్పికి మనవాళ్ల మాటలు

తెలుగులో నొప్పికి ఉన్నన్ని మాటలు మన కేస్‌షీట్లలో లేవు. అందుకే పేషెంటు వాడిన మాటను అలాగే రాయమని ఇంటర్న్‌లకు చెబుతాను. "జివ్వుమని లాగుతోంది" అంటే నరం గుర్తొస్తుంది. "సలుపుతోంది", "పోట్లు పొడుస్తోంది" అంటే వాపుగానీ చీముగానీ ఉందేమో చూడాలి. "పట్టేసింది" అంటే కండరం బిగుసుకుంది. "కలుక్కుమంది" అంటే ఏదో ఎత్తబోయినప్పుడు ఆ క్షణాన మొదలైంది. "మొద్దుబారింది", "చీమలు పాకుతున్నట్టుంది" అన్నారంటే స్పర్శ పరీక్ష చేయకుండా వదలకూడదు. ఈ మాటలు రోగాన్ని తేల్చవు గానీ ఎటు వెళ్లాలో దారి చూపిస్తాయి.

శరీర భాగాల పేర్లతో మాత్రం జాగ్రత్త. "కాలు నొప్పి" అంటే తుంటి నుంచి బొటనవేలి దాకా ఏదైనా కావచ్చు. "చెయ్యి" కూడా అంతే. "భుజం" అని చాలామంది మెడకూ భుజానికీ మధ్యనున్న కండను చూపిస్తారు, అక్కడి నొప్పి ఎక్కువగా మెడ నుంచి వస్తుంది. "నడుము" అన్నది పిరుదు కావచ్చు, కన్నడవాళ్లు "సొంట" అన్నా అదే తికమక. తుంటి అని పక్కన చెయ్యి పెట్టి చూపిస్తారు గానీ తుంటి కీలు నొప్పి సాధారణంగా గజ్జల్లో వస్తుంది. కాబట్టి "ఒక్క వేలితో చూపించండి" అనండి. ఒక్క వేలితో చూపగలిగితే తాకి చూడటానికి చోటు దొరికినట్టే. అరచేతితో తొడంతా రుద్ది చూపిస్తే నొప్పి ఎక్కడినుంచో దిగి వస్తోందని అనుకోవాలి.

బ్రిటన్‌లో 1992లో ఒక చిన్న స్క్రీనింగ్ పద్ధతి ప్రచురించారు. నడక, చేతులు, కాళ్లు, వెన్ను చూసే ఆ పద్ధతిలో మొదట మూడు ప్రశ్నలుంటాయి. కండరాల్లో, కీళ్లలో, వెన్నులో నొప్పిగానీ బిగువుగానీ ఉందా? ఏ ఇబ్బందీ లేకుండా బట్టలు వేసుకోగలరా? అలాగే మెట్లు ఎక్కి దిగగలరా? ఈ మూడూ నేను రోజూ అడుగుతాను, కాకపోతే మనకు తగ్గట్టు మార్చి. "బట్టలు వేసుకోగలరా" అంటే అందరూ "ఆఁ" అంటారు. "జాకెట్టు హుక్కులు పెట్టుకోగలరా, జడ వేసుకోగలరా" అంటే అప్పుడు కోడలు వేస్తోందని చెబుతారు. మెట్ల గురించి అడిగితే లిఫ్ట్ ఉందంటారు. "కరెంటు పోయిన రోజు ఎలా దిగారు?" అని అడగండి. నాలుగో ప్రశ్న నేను కలిపింది: "నేల మీద కూర్చుని, ఏదీ పట్టుకోకుండా లేవగలరా?"

పొద్దున లేచాక బిగువు ఎంతసేపు ఉంటుందో కూడా అడగాలి. పది, పదిహేను నిమిషాల్లో వదిలితే అరుగుదల. అరగంట దాటి గంట వరకూ ఉంటే, కదిలేకొద్దీ తగ్గితే కీళ్లవాతం లాంటి వాపు జబ్బులు గుర్తుకు రావాలి. మూడు నెలల్లో జ్వరం వచ్చిందా అనీ అడగండి. 2006లో చికున్‌గున్యా రాయలసీమనూ కర్ణాటకనూ కుదిపేసినప్పుడు మా హిందూపురంలో వీధి వీధంతా గోడలు పట్టుకుని నడిచారు. జ్వరం మూడు రోజుల్లో పోయినా కీళ్లు నెలల తరబడి వదల్లేదు. ఇప్పటికీ అప్పుడప్పుడూ అలాంటి కేసులు వస్తూనే ఉంటాయి.

ఇవి ఉంటే మన పని ఆపాలి

చెయ్యి వేయకముందే కొన్ని విషయాలు తేల్చుకోవాలి. నడుం నొప్పితో వచ్చిన మనిషికి మూత్రం ఆగిపోతున్నా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ మొద్దుబారినా, రెండు కాళ్లూ బలం తగ్గుతున్నా అది ఆ రోజే ఆసుపత్రికి పంపాల్సిన కేసు. అడగడానికి ఇబ్బంది పడకండి. "ఒంటికి వెళ్లడంలో ఏమైనా తేడా ఉందా అమ్మా? కడుక్కునేటప్పుడు అక్కడ స్పర్శ తెలుస్తోందా?" అంటే చాలు, ఎవరూ తప్పుగా అనుకోరు.

సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే వెన్నునొప్పి ఉంటే మన దేశంలో వెన్నెముక టీబీ గుర్తుకు రావాలి. వెన్నుపూసల మీద పిడికిలితో మెల్లగా తట్టండి. ఒకే చోట కలుక్కుమంటే ఎక్స్‌రే లేకుండా మర్దనగానీ వ్యాయామంగానీ మొదలుపెట్టొద్దు. గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్లూ, చాలా రోజులు స్టెరాయిడ్లు వాడినవాళ్లూ అంతే. ఒకే కీలు ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి, కాలిపోతూ, ముట్టుకోనివ్వకుండా ఉంటే చీము పట్టిందనే అనుకుని పంపాలి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమో చూపించాలి, పిసకకూడదు.

ఇంకొకటి. ఎడమ భుజం, ఎడమ చెయ్యి నొప్పి అని వచ్చిన మనిషికి చెయ్యి ఎటు తిప్పినా నొప్పి మారకుండా, మెట్లెక్కితే మాత్రం వస్తుంటే ఈసీజీకి పంపండి. ఒకసారి ఒక మేస్త్రి అన్న అలాగే వచ్చాడు. "రెండు సిట్టింగులు కరెంటు పెట్టక్కా, తగ్గిపోతుంది" అన్నాడు. భుజం అన్నివైపులా హాయిగా తిరుగుతోంది. ఆటోలో ఎక్కించి పంపాను. గుండెలో స్టెంట్ వేశారు.

మంచివైపు ముందు

చూడటం, తాకడం, కదిలించడం అనే వరుసను లోకమంతటికీ అలవాటు చేసింది బ్రిటిష్ ఎముకల సర్జన్ అలన్ ఏప్లీ. ఈ వరుస తప్పొద్దు. ముందే తాకితే పేషెంటు బిగుసుకుపోతాడు, తర్వాత ఏం చూసినా నిజం కనబడదు.

రెండు వైపులా కనబడేలా బట్ట తొలగించాలి. ప్యాంటు మోకాలి దాకా మడిచి చూసింది పరీక్ష కిందికి రాదు, తొడ కండరం చిక్కిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? మా దగ్గర వదులు నిక్కర్లు, దుప్పట్లు, పరదా ఉన్నాయి. ఆడవాళ్లయితే ఏం చూడబోతున్నామో ముందే చెప్పి, తోడు వచ్చినవాళ్లను ఉండమని, చూసే భాగం మాత్రమే తీసి మిగతాది కప్పి ఉంచుతాం. పెద్దవాళ్లు మొహమాటపడతారు. "జేజీ, రెండు మోకాళ్లూ పక్కపక్కన చూస్తేనే ఏది వాచిందో తెలుస్తుంది" అంటే వాళ్లే చీర సర్దుకుని చూపిస్తారు. డిసెంబరు పొద్దుటి పూట బెంగళూరు చలికి మన చేతులు మంచుగడ్డల్లా ఉంటాయి. వేడినీళ్లలో పెట్టి తుడుచుకుని తాకండి.

ఎప్పుడూ మంచివైపే ముందు తాకండి, ముందు కదిలించండి. ఏం చేయబోతున్నామో పేషెంటుకు అర్థమవుతుంది, భయం పోతుంది. ఆ మనిషికి మామూలు ఎంతో మనకూ తెలుస్తుంది. చిన్నప్పటి నుంచి బాసింపట్టు వేసుకుని తిన్న మనిషి మోకాలు, కుర్చీలోనే పెరిగిన కుర్రాడి మోకాలు ఒక్కలా వంగవు. పుస్తకంలో మోకాలు వంపు 135 డిగ్రీలని ఉంటుంది. నేల మరుగుదొడ్డి వాడే మనిషికి అంతకన్నా ఎక్కువ వంపు కావాలి, రోజూ వంగుతుంది కూడా. అలాంటి మనిషికి 135 వచ్చిందని "నార్మల్" అని రాసేస్తే ఆయన పోగొట్టుకున్నది మన కాగితం మీద కనబడదు.

కదలికలో రెండు రకాలు చూడాలి. ముందు పేషెంటే కదపాలి, తర్వాత మనం కదిపి చూడాలి. ఈ రెండింటి మధ్య తేడాలోనే సగం జవాబు ఉంటుంది.

భుజం

ఆ తేడా భుజంలో చాలా స్పష్టంగా కనబడుతుంది. షుగర్ ఉన్న యాభై ఏళ్ల ఆంటీ వచ్చి "జడ వేసుకోలేకపోతున్నా" అంటారు. మోచెయ్యి ఒంటికి ఆనించి, 90 డిగ్రీలు వంచి, ముంజేతిని నేనే బయటికి తిప్పుతాను. మంచివైపు హాయిగా తిరుగుతుంది. నొప్పివైపు నేను తిప్పినా గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. ఆమె కదిపినా నేను కదిపినా ఒకేచోట ఆగితే భుజం బిగుసుకుపోయింది. ఆమె ఎత్తలేకపోయినా నేను ఎత్తితే పూర్తిగా లేస్తే కీలు బాగానే ఉంది, చేతిని ఎత్తే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) తెగిందేమో చూడాలి. చెయ్యి పక్కనుంచి ఎత్తుతుంటే 60 నుంచి 120 డిగ్రీల మధ్యే నొప్పి వచ్చి, దాటాక తగ్గితే టెండన్ నలుగుతోంది. చెయ్యి దించేటప్పుడు చూడటం మరచిపోవద్దు. ఎత్తేటప్పుడు ఓర్చుకున్నవాళ్లు దించేటప్పుడు ముఖం చిట్లిస్తారు.

వెనక నిలబడి కూడా చూడాలి. జాకెట్టు వెనక రెక్క ఎముక పైన గుంట పడిందా, రెక్క ఎగిసి ఉందా అన్నది ముందునుంచి కనబడదు. భుజం అన్ని దిక్కులా నొప్పి లేకుండా తిరిగితే మెడను ఆ వైపుకు వంచి, కాస్త వెనక్కి వాల్చి చూడండి. చేతిలోకి జివ్వుమంటే కారణం మెడలో ఉంది. లాప్‌టాప్ పిల్లల్లో చాలామంది భుజం నొప్పని వచ్చి మెడతో తేలతారు.

నడుము

నిలబెట్టి ముందుకు వంగమంటాం. వేళ్లు నేలకు ఎంత దూరంలో ఆగాయో కొలవడం ఒక్కటే సరిపోదు, తుంటి బాగా వంగే మనిషి నడుము కదలకుండానే నేలను అందుకుంటాడు. అందుకే పెన్నుతో గుర్తులు పెట్టాలి. పిరుదుల పైన రెండు సొట్టలుంటాయి కదా, వాటిని కలిపే గీత మీద ఒక గుర్తు. అక్కడినుంచి 10 సెంటీమీటర్లు పైన ఒకటి, 5 సెంటీమీటర్లు కింద ఒకటి. నిలబడితే పై గుర్తుకూ కింది గుర్తుకూ మధ్య 15 ఉంటుంది. పూర్తిగా వంగాక అది 20 దాటాలి. నలభై ఏళ్లలోపు అబ్బాయికి దాటకపోతే, మూడు నెలలకు పైగా నొప్పి ఉంటే, తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుంటే, విశ్రాంతితో కాక పనిచేస్తే తగ్గుతుంటే కీళ్లవాతం డాక్టరుకు చూపించమని రాసివ్వండి. ఇలాంటి పిల్లలు ఏళ్ల తరబడి బెల్టులు కొనుక్కుంటూ తిరగడం నేను చూశాను.

తర్వాత పది అడుగులు మడమల మీద, పది అడుగులు మునివేళ్ల మీద నడిపించండి. మడమల మీద నడవలేకపోతే ఐదో నడుం పూస నరం వైపు, మునివేళ్ల మీద లేవలేకపోతే దాని కింది నరం వైపు ఆలోచన పోవాలి. పిక్క బలాన్ని మన చేత్తో ఆపి కొలవలేం, అది మొత్తం ఒంటి బరువును మోసే కండరం. గోడకు వేళ్లు ఆనించి ఒంటికాలి మీద ఎన్నిసార్లు మడమ ఎత్తగలరో రెండు వైపులా లెక్కపెట్టండి. కాలి బొటనవేలు ఒక్కటే పైకెత్తమని, మన వేలితో కిందికి తోసి చూడండి. కాలంతా బాగున్నట్టుండి ఆ ఒక్క వేలే నిలవని కేసులుంటాయి.

వెల్లకిలా పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తే పరీక్ష అందరికీ తెలిసినదే, అందరూ తప్పు చదివేదీ అదే. తొడ వెనక లాగితే అది కండరం బిగువు. 30 నుంచి 70 డిగ్రీల మధ్య మోకాలు దాటి కిందికి జివ్వుమంటేనే నరం. మంచి కాలు ఎత్తితే నొప్పి కాల్లోకి లాగితే డిస్క్ జారిందన్న అనుమానం ఇంకా బలపడుతుంది. పేషెంటు చెప్పే నొప్పి మీద అనుమానంగా ఉంటే తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి, పాదం చూస్తున్నట్టు మాటల్లో పెట్టి మోకాలు చాపించండి. పడుకున్నప్పుడు లాగినది కూర్చున్నప్పుడూ లాగాలి.

తుంటి, మోకాలు

తుంటిలో ముందు పోయేది లోపలికి తిరగడం. పడుకోబెట్టి తుంటీ మోకాలూ 90 డిగ్రీలు వంచి, పాదాన్ని బయటికి తిప్పితే తొడ లోపలికి తిరుగుతుంది. రెండు వైపులా పోల్చండి. ముప్పై, నలభై ఏళ్ల మగమనిషికి గజ్జల్లో నొప్పి, ఇలా లోపలికి తిప్పడంలో బిగువు, ఆ పైన మద్యం అలవాటో స్టెరాయిడ్ల వాడకమో ఉంటే తొడ ఎముక తలకు రక్తం అందడం లేదేమో చూపించాలి. మొదట్లో ఎక్స్‌రే బాగానే ఉంటుంది, ఎమ్మారైలోనే తెలుస్తుంది.

నడుం కింద చెయ్యి దూర్చి, మంచి మోకాలిని గుండెలకు హత్తుకోమనండి. నడుము బల్లకు ఆనగానే రెండో తొడ పైకి లేస్తే ఆ తుంటి వంపులో బిగుసుకుంది. ఒంటికాలి మీద నిలబెడితే ఎత్తిన వైపు నడుం ఎముక కిందికి జారితే, నిలబడిన వైపు తుంటి కండరం బలహీనం. జారినది ఒకవైపు, జబ్బు ఇంకోవైపు. ఇంటర్న్‌లు ఇక్కడే పొరబడతారు. కాళ్ల పొడవు నడుం ముందు ఎముక కొస నుంచి లోపలి చీలమండ దాకా టేపుతో కొలవాలి.

ఇక మోకాలు. చిప్ప పైన తొడను చేత్తో కిందికి దువ్వి పట్టుకుని, రెండో చేతి వేలితో చిప్పను నొక్కండి. అది టక్కుమని ఎముకకు తగిలి తేలితే లోపల నీరు చాలానే ఉంది. కొద్ది నీరైతే చిప్ప లోపలి పక్కను పైకి తుడిచి, బయటి పక్కను కిందికి తుడిస్తే లోపలి పక్క మళ్లీ ఉబ్బుతుంది. చిప్ప పై అంచు నుంచి 10 సెంటీమీటర్ల పైన తొడ చుట్టుకొలత రెండు వైపులా తీసుకోండి. చేతివెనకతో వేడి చూడండి. మామూలు మోకాలు తొడకన్నా పిక్కకన్నా చల్లగా ఉంటుంది, అంతే వేడిగా ఉన్నా అనుమానించాలి.

బైక్ మీద నుంచి పడ్డవాళ్లకు లిగమెంట్ (ఎముకనూ ఎముకనూ కలిపే పట్టీ) చూడాలంటే మోకాలు 20, 30 డిగ్రీలు వంచి, ఒక చేత్తో తొడ పట్టుకుని, రెండో చేత్తో పిక్క ఎముకను ముందుకు లాగాలి. మంచివైపు లాగినప్పుడు గట్టిగా ఆగుతుంది, తెగినవైపు మెత్తగా ముందుకు వచ్చేస్తుంది. మన చేతులు చిన్నవైతే పేషెంటు తొడ కింద మన మోకాలు పెట్టుకోవచ్చు, నేను అలాగే చేస్తాను. దెబ్బ తగిలిన గంటల్లోనే మోకాలు వాచిందంటే లోపల రక్తం చేరిందనే అర్థం.

చీలమండ బెణికి వస్తే ఎక్స్‌రే కావాలా వద్దా తేల్చడానికి 1992లో కెనడా డాక్టర్లు పెట్టిన ఒట్టావా నియమాలు సరిపోతాయి. నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనక అంచు 6 సెంటీమీటర్ల మేరలోగానీ కొసలోగానీ నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. పాదం పక్కన చిటికెనవేలి ఎముక మొదలు, లోపలిపక్క వంపు పైనున్న ఎముక కూడా నొక్కి చూడండి.

చేతులు

"నమస్కారం పెట్టండి" అనండి. షుగర్ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో కొందరికి అరచేతులు ఆనవు, వేళ్ల మధ్య సందు ఉండిపోతుంది. తర్వాత గుప్పిట పట్టించండి. వేళ్ల మొదళ్లను అడ్డంగా పట్టుకుని మెల్లగా నొక్కితే ముఖం చిట్లిస్తే కీళ్లవాతం పరీక్షలు చేయించాలి. రాత్రి తిమ్మిరెక్కి లేచి చెయ్యి విదిలించుకుంటున్నామని చెబితే రెండు మణికట్లూ కిందికి వంచి ఒక నిమిషం పట్టుకోమనండి, బొటనవేలి కింది కండ చప్పబడిందేమో చూడండి. పసిబిడ్డ తల్లులకు బొటనవేలి మొదట్లో నొప్పి ఎక్కువ. బిడ్డను చంకల్లో చేతులు పెట్టి పదేపదే ఎత్తడం వల్ల వస్తుంది. బొటనవేలిని గుప్పిట్లో మూసి మణికట్టును చిటికెనవేలి వైపు వంచితే తెలిసిపోతుంది. మెల్లగా వంచండి, మామూలు చేతికి కూడా అది కాస్త లాగుతుంది.

పుట్టిన ఊరు అడగండి

బెంగళూరులో అందరూ ఎక్కడినుంచో వచ్చినవాళ్లే. ఒకసారి కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఇక్కడ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, వెన్ను మొత్తం బిగుసుకుందని వచ్చారు. మెడ తిరగదు, నడుం వంగదు. స్పాండిలోసిస్ (వెన్నుపూసల అరుగుదల) అని చాలాచోట్ల రాశారు. పళ్ల మీద గోధుమ రంగు చారలు చూసి ఊరు అడిగాను, తాగిన నీళ్ల గురించి అడిగాను. మన దేశంలో, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల ఫ్లోరోసిస్‌ను 1937లో మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. నల్గొండ సంగతి అందరికీ తెలిసిందే.

దీనికి పరికరాలు అక్కర్లేని మూడు పరీక్షలున్నాయి. నేల మీద రూపాయి బిళ్ల పెట్టి మోకాళ్లు వంచకుండా తీయమనాలి. గడ్డం రొమ్ముకు ఆనించమనాలి. రెండు చేతులూ ఎత్తి తల వెనక పెట్టుకోమనాలి. ఆ పెద్దాయన మూడూ చేయలేకపోయారు. ముంజేతి ఎక్స్‌రేలో రెండెముకల మధ్య పొర గట్టిపడి కనబడింది. గట్టిపడినదాన్ని మనం వెనక్కి తేలేం. కానీ ఊళ్లో ఉన్న మనవళ్లు ఏ నీళ్లు తాగుతున్నారో ఆ రోజే ఫోన్ చేసి కనుక్కున్నాం.

బలం, కాగితం

కండరాల బలానికి 0 నుంచి 5 దాకా అంకెలు వేస్తాం. అసలు కదలిక లేకపోతే 0, కండ అదిరితే 1, భూమి ఆకర్షణ లేకుండా పక్కకు జరిపితే 2, బరువుకు ఎదురుగా ఎత్తితే 3, మన చేతి ఒత్తిడిని కొంత ఆపితే 4, పూర్తిగా ఆపితే 5. మాటలు సూటిగా ఉండాలి. "ఫ్లెక్స్ చేయండి" అంటే ఎవరికీ అర్థం కాదు. "నా చేతిని తోయండి, నేను ఆపుతాను" అంటే పదేళ్ల పిల్లాడికీ ఎనభై ఏళ్ల అబ్బకూ తెలుస్తుంది. నొప్పి వల్ల తోయలేకపోతే అలాగే రాయండి. నొప్పి ఆపిన బలానికి, నరం పోయి తగ్గిన బలానికి ఒకే అంకె వేస్తే తర్వాత చూసే డాక్టరు పొరబడతారు.

కుడి, ఎడమ అన్నది పూర్తి మాటగా రాయండి, ఒక్క అక్షరంతో సరిపెట్టొద్దు. డిగ్రీలు రెండు వైపులవీ పక్కపక్కన ఉండాలి. "నార్మల్" అని రాయకుండా ఏం చూశారో రాయండి. పేషెంటు ఏ పని చేయలేకపోతున్నానన్నారో వాళ్ల మాటల్లోనే మొదటి వరుసలో పెట్టండి: "జడ వేసుకోలేను", "పూజగదిలో కూర్చుని లేవలేను", "సిమెంటు మూట ఎత్తలేను". మళ్లీ వచ్చిన రోజు డిగ్రీలకన్నా ముందు ఆ పనే చేయించి చూడాలి.

కాళ్ల బలానికి మేం ఇంకొకటి చేస్తాం. చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెడతాం. కుర్చీ ఎత్తు మారితే లెక్కకు అర్థం ఉండదు కాబట్టి దానికోసం ఒకే కుర్చీ ఉంచాం. ఎత్తు 43 సెంటీమీటర్లు, గోడకు ఆనించి ఉంటుంది. దాని కాళ్ల చుట్టూ నేల మీద ఎర్ర టేపు అంటించాం, ఊడ్చేటప్పుడు జరిపినా మళ్లీ అక్కడే పెట్టడానికి.